గల్లీలో ఇరుక్కున్న సర్కారు బండి

సంక్షేమ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వస్తే మాటల మధ్య ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు: "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద పని ఏంటి?" నా జవాబు విని ముందు నవ్వుతారు. సర్కారు డబ్బుతో కొన్న కొత్త వ్యానును పాతబస్తీ గల్లీలోకి తోలించి, ముందుకూ వెనక్కూ కదలకుండా ఇరికించాను. అదే నేను చేసిన పెద్ద పని. ఆ రోజు గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు కూర్చుని చెప్పడం చేతకాదు. లేచి, చేతులు ఊపుతూ చెబుతాను. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి మీ టీ కప్పులు క్షేమం.

డెబ్బయ్యో దశకం చివరి సంగతి ఇది. అంతవరకూ ముసలివాళ్లకు సర్కారు చేసేదంటే దిక్కులేనివాళ్లకు ఆశ్రమం, లేదా ఎప్పుడొస్తుందో తెలియని పింఛను. ఇంట్లోనే ఉంటూ, గడప దాటలేని పెద్దవాళ్ల దగ్గరికి వైద్యమే నడిచి వెళ్లాలన్నది అప్పుడు కొత్త ఆలోచన. ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, స్వచ్ఛంద సంఘం పని నడుపుతుంది. మా సంఘానికి అలా ఒక తెల్ల వ్యాను వచ్చింది. మందులు, డీజిలు, మా జీతాలు అన్నీ ఆ గ్రాంటు మీదే. ప్రయోగంగా ఒక్క ఏడాది. ఆఖర్న ప్రభుత్వం తరఫున ఒక ఆఫీసరు వచ్చి చూస్తారు. ఆయనకు పని కనబడితే గ్రాంటు సాగుతుంది. లేకపోతే వ్యాను వేరే ఊరికి, మేము మా ఇళ్లకు.

వ్యానులో ముగ్గురం. డ్రైవరన్నది బహదూర్‌పురా. సగం జీవితం లారీల మీద గడిపిన మనిషి. కొత్త వ్యాను చేతికి రాగానే కొత్త పెళ్లికొడుకైపోయాడు. పొద్దున్నే దానికి స్నానం, తుడుపు, అద్దాలకు మెరుగు. ఎవరైనా దానికి ఆనుకుని నిలబడితే చాలు, "ఏ భాయ్, గోడనుకున్నవా?" అని అరిచేవాడు. డాక్టర్ సాబ్ పెద్దాసుపత్రిలో రిటైరై మా దగ్గర చేరారు. మహా భారీ మనిషి. గొంతు మాత్రం సన్నం, మాట మెత్తన. బిచ్చగాణ్ణి కూడా 'ఆప్' అనే పలకరించేవారు. ఆయన ముందు సీట్లో కూర్చున్నాక తలుపు పడాలంటే బయటి నుంచి నేను, లోపలి నుంచి డ్రైవరన్న కలిసి పట్టుపట్టాల్సి వచ్చేది. మూడో మనిషిని నేను. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కూతుర్ని. డిగ్రీ కాగానే సోషల్ వర్కర్ అన్న పేరు తగిలించుకుని, వ్యాను వెనక భాగంలో మందుల పెట్టెల మధ్య కూర్చున్నాను. పేషెంట్లను పిలుచుకురావడం నా పని.

ఆ పేషెంట్లే లేరు. ఒక రోజు చార్మినార్ దగ్గర, ఒక రోజు బహదూర్‌పురాలో, ఒక రోజు మాదన్నపేట కూరగాయల మార్కెట్ ముందు వ్యాను నిలిపేవాళ్లం. అన్నీ పెద్ద రోడ్లే. ఆటోలు, ఎద్దుబండ్లు, సైకిళ్లు, తోపుడు బళ్లు. ఆ రద్దీలో కుర్రవాళ్లే తప్పుకుంటూ నడవాలి. మోకాళ్లు పట్టేసినవాళ్లు, చూపు ఆననివాళ్లు ఎలా వస్తారు? మా దగ్గరికి వచ్చేది దగ్గు మందు కోసం హమాలీలు, బలం గోళీల కోసం వయసు పిల్లలు. అరవై నిండినవాళ్లకే ఇవ్వాలని రూలు. లేదని పంపిస్తే తిట్టిపోయేవాళ్లు. డాక్టర్ సాబ్ ఉర్దూ పేపరు ఆఖరి పేజీ దాకా చదివేసి మళ్లీ మొదటి పేజీకి వచ్చేవారు.

ఉండబట్టలేక నేను గల్లీల్లోకి నడవడం మొదలుపెట్టాను. మార్కెట్ పక్కనుంచి లోపలికి పోయే ఒక గల్లీ ఉంది. రెండు వైపులా పాత ఇళ్లు, ఒక పక్కన షాబాదు బండలు కప్పిన మురుగు మోరీ. ఆ గల్లీ నడిమధ్యలో, ఎత్తైన రాతి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని పూలమాలలు కడుతూ ఉండేది. తరాలుగా గుడికి పూలు కట్టి ఇచ్చే ఇల్లు వాళ్లది. ఆ అరుగు దాటకుండా గల్లీలోకి ఎవరూ పోలేరు, ఆమెకు జవాబు చెప్పకుండా అరుగునూ దాటలేరు. మందుల బండి వచ్చిందని, మార్కెట్ ముందు నిలబడిందని ఆమెతో చెప్పాను.

"బండి ఎవ్వరి కోసం వచ్చింది బిడ్డా?"

"మీలాంటి పెద్దవాళ్ల కోసమే అవ్వా."

"నా కోసం వస్తే నా తాన్కి రావాలె గద! సుట్టం ఊరికొచ్చి బస్టాండ్ల కూసొని, నువ్వే రా అంటడా?"

"గల్లీ ఇరుకు కదవ్వా. బండి పట్టదు."

అవ్వ దారం కొరికి, నావైపు తిరిగి, అతి తీరుబడిగా అంది: "నా పెండ్లికి మా మామ నవాబు దేవిడీకెల్లి ఏనుగును కిరాయికి తెచ్చిండు. మీద అంబారీ, ముంగట బాజా. గీ గల్లీలకెల్లే వచ్చింది, గీ ఇంటి ముంగటనే దిగిన. నీ బండి ఏనుగు కంటె పెద్దదా?"

ఆ ఏనుగు నా బుర్రలోకి ఎక్కి ఇక దిగలేదు.

ఇంతలో ఆఫీసరు వస్తున్నారన్న కబురు వచ్చింది. వచ్చే వారం, సరిగ్గా మా మాదన్నపేట రోజునే. మా సంఘం కార్యదర్శికి ముచ్చెమటలు పోశాయి. "ఎట్లనన్న జేసి ఓ పదిమంది ముసలోళ్లను కూసోబెట్టు తల్లీ. గుడి మెట్ల కాడ ఉంటరు గద, ఛాయ్ తాగిస్తమని తోలుకురా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. లోపల గల్లీ నిండా అసలైన ముసలివాళ్లు ఉంటే అద్దెకు ముసలివాళ్లేంటి?

ఆ రోజు పొద్దున మార్కెట్ ముందు వ్యాను ఆగగానే నేను డ్రైవరన్న కిటికీ దగ్గరికి పోయి, బండిని గల్లీలోకి తిప్పమన్నాను.

"ఏంది చెల్లె, దిమాగ్ ఖరాబైందా? గీతవడితె ఎవ్వరు జవాబు చెప్తరు?"

"గల్లీలోకి ఏనుగు పోయిందటన్నా. మీద అంబారీతో సహా."

డ్రైవరన్న గల్లీ మొగను కాసేపు చూశాడు. చేత్తో గాలిలో కొలతలు వేశాడు. నేను అతని బలహీనత మీద వేలు పెట్టాను. "అయినా మావటివాడి చెయ్యి వేరులే అన్నా. అందరికీ రాదు."

అంతే! "ఏంది? మావటోని చెయ్యి నా చెయ్యి కంటె ఎక్వనా? ఎక్కు!" అన్నాడు. పక్క సీట్లో డాక్టర్ సాబ్ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, "బిస్మిల్లా" అని కళ్లు మూసుకున్నారు.

అంగుళం అంగుళంగా లోపలికి పోతున్నాం. పక్క అద్దాలు రెండూ లోపలికి మడిచేశారు. గోడలు కిటికీలను రాసుకుంటూ వెనక్కి పోతున్నాయి. గుమ్మాల్లో ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లు గిన్నెలతో సహా లోపలికి ఉరికారు. మేకలు అరిచాయి. "ఏయ్ ఆగుండ్రి", "రానియ్యి రానియ్యి", "బస్, బస్" అని తలో మాట. నేను వెనక తలుపు సందులోంచి చూస్తూ చప్పట్లు కొడుతున్నాను. సగం గల్లీ దాటాం. అవ్వ అరుగు వచ్చింది. డ్రైవరన్న బండిని కుడి గోడకు బెత్తెడు దూరంలో పెట్టి, ఎడమకు అరుగు అంచు తగలకుండా, ఊపిరి బిగబట్టి ముందుకు పోనిచ్చాడు. ముందు చక్రాలు మోరీ బండ దాటాయి. నేను "శభాష్!" అన్నానో లేదో, ఎడమ వెనక చక్రం కింద మోరీ బండ ఫట్‌మని విరిగింది. చక్రం మోరీలోకి దిగబడింది. వ్యాను మెల్లగా, అలసిన మనిషిలా ఒరిగి, అవ్వ అరుగుకు ఆనుకుని ఆగిపోయింది.

తర్వాత మొదలైంది లొల్లి.

ముందుకు పోనిస్తే చక్రం తిరుగుతుంది తప్ప వ్యాను కదలదు. వెనక్కీ అంతే. కుడి తలుపు తెరవడానికి గోడ అడ్డం, ఎడమ తలుపుకు అరుగు అడ్డం. డ్రైవరన్న సన్నటి మనిషి కాబట్టి, సీటు వెనకున్న చిన్న కిటికీలోంచి పాములా జారి నా దగ్గరికి వచ్చి, వెనక తలుపులోంచి దూకాడు. డాక్టర్ సాబ్‌కు ఆ కిటికీలో తల, ఒక భుజం పట్టాయి. ఆపైన ఇటూ కాదు, అటూ కాదు. ఎలాగో మళ్లీ సీట్లోకి లాక్కున్నారు. గల్లీకి అటు పక్కన కూరగాయల తోపుడు బళ్లు ఆగిపోయాయి, ఇటు పక్కన పాల సైకిళ్లు. "గల్లీ ఏమన్న నీ అయ్యదా?" అని ఒకరు, "సర్కారు బండికి సర్కారు రోడ్డు లేదా?" అని ఒకరు. డ్రైవరన్న ఎవరి మాటా వినడం లేదు. వ్యాను పక్కన కూలబడి, గీత పడిన చోట వేలితో రాస్తూ, "అయ్యో, అయ్యో" అంటున్నాడు.

అప్పుడు అవ్వ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. అరుగు మీద ఎక్కి నిలబడింది. "ఎవ్వడ్రా నా అర్గు మీదికొచ్చింది!" ఆ గొంతుకు గల్లీ మొత్తం నోరు మూసుకుంది.

సమాధానం వ్యాను కిటికీలోంచి వచ్చింది. డాక్టర్ సాబ్ ముఖం, ఆయన భుజాలు సరిగ్గా అరుగుకు ఎదురుగా ఉన్నాయి. ఆయన చెయ్యి నుదుటికి తాకించి, "ఆదాబ్ అమ్మా. మాఫ్ చేయండి. నేను డాక్టర్‌ను" అన్నారు.

"డాక్టరైతే దిగి మాట్లాడు! కిటికీలకెల్లేంది?"

"దిగలేను అమ్మా. ఇరుక్కుపోయాను. మీరే దయచేసి కూర్చుంటే, మీ నాడి చూస్తాను."

అవ్వ ఆయన్ను పైనుంచి కిందికి, అంటే కిటికీలో కనబడినంత మేర చూసింది. ఆమె పెదవులు బిగుసుకున్నాయి, వణికాయి, తర్వాత పకపకా నవ్వేసింది. "గల్లీల మేం నడవలేక కూసుంటిమి, డాక్టర్ మా కంటె అధ్వాన్నంగ ఉన్నడు!" అంటూ అరుగు మీద చతికిలబడి, చెయ్యి కిటికీలోకి చాచింది.

చూడండి, ఆ క్షణం నా కళ్లముందే ఒక ఆసుపత్రి తయారైంది. అరుగు మీద కూర్చుంటే పేషెంటు గుండె సరిగ్గా డాక్టర్ కిటికీ ఎత్తుకు వస్తుంది. ఎక్కే మెట్టు లేదు, దిగే మెట్టు లేదు. స్టెతస్కోపు కిటికీలోంచి బయటికి వచ్చి గుండె మీద ఆనింది. బీపీ పట్టీ బయటికి వచ్చి చేతికి చుట్టుకుంది. వ్యాను వెనక తలుపు తెరిచి నేను మందుల డబ్బాలు పరిచాను. "అవ్వకు బీపీ మస్తుగున్నదంట!" అన్న వార్త గల్లీ ఈ మొన నుంచి ఆ మొనకు పాకింది. అవ్వకు బీపీ ఉన్నదన్న మాట కంటే, అవ్వ చూపించుకుందన్న మాటకే విలువ. ఇంటింటి నుంచీ కదిలారు.

అలాంటి దృశ్యం నేను మళ్లీ చూడలేదు. గోడ పట్టుకుని ఒకాయన, కోడలి భుజం పట్టుకుని ఒకామె, కర్ర టకటకలాడిస్తూ మరొకరు. ఎదురింటి నుంచి బురఖాలో ఇద్దరు పెద్దమ్మలు వచ్చి, మగవాళ్ల ముందు కూర్చోము అంటే, అవ్వ తన చీర ఒకటి తెచ్చి అరుగు మీద తెరలా కట్టించింది. ఇంతకాలం మేము వెతికిన మనుషులంతా ఇక్కడే, మార్కెట్‌లో అరిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నారు! నాకు చేతులు చాలడం లేదు. డ్రైవరన్న కూడా గీతను మర్చిపోయి, "లైన్ల రాండ్రి, ఏ బాపూ, జర పైలం" అంటూ చేతులు పట్టి ఎక్కిస్తున్నాడు. డాక్టర్ సాబ్ గొంతు సన్నదని చెప్పాను కదా, ఆ రోజు అది ఖంగున మోగింది. "అగ్లా!" అని తర్వాతి మనిషిని పిలుస్తుంటే ఆయన వయసు సగం తగ్గినట్టుంది.

మధ్యలో ఇద్దరు కొడుకులు ఒక నులక మంచాన్ని మోసుకొచ్చి అరుగు మీద దించారు. మంచం మీద ఒక ముసలి బాపు. గుడ్డల మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. కాలికి తువ్వాలు చుట్టి ఉంది. "చెప్పు కరిసింది సాబ్, అంతే. సోమరితనానికి లేస్తలేడు" అన్నాడు పెద్ద కొడుకు. తువ్వాలు విప్పగానే డాక్టర్ సాబ్ ముఖం మారిపోయింది. నావైపు తిరిగి నెమ్మదిగా అన్నారు: "బేటీ, షుగర్. ఈ కాలు ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి. రేపు కాదు. ఇప్పుడే."

ఉన్న ఒక్క బండీ ఇరుక్కుని ఉంది. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన వ్యానే గల్లీకి బిరడాలా పడి ఉంది! నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అవతల ఆగిపోయిన తోపుడు బండివాడు, అందరికంటే ఎక్కువ తిట్టినవాడే, తన బండి మీది వంకాయలన్నీ పక్కింటి గుమ్మంలో గుమ్మరించి, "ఎక్కియ్యుండ్రి బాపును!" అన్నాడు. ఆ బండి మీద గోనె పరిచి, బాపును పడుకోబెట్టి, కొడుకులు చెరో పక్క పట్టుకుని గల్లీ అవతలి మొన నుంచి రోడ్డు మీదికి ఉరికారు. డాక్టర్ సాబ్ తనకు తెలిసిన పెద్ద డాక్టరుకు రెండు ముక్కలు రాసి ఇచ్చారు. బండి మలుపు తిరిగేదాకా అందరం అటే చూస్తూ నిలబడ్డాం. ఆ బాపుకు ఒక వేలు పోయింది, కాలు దక్కింది. ఆ మాట తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం చక్రాల చప్పుడే నా చెవుల్లో నిలిచింది.

సరిగ్గా అప్పుడే నా వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి, బూట్ల నిండా మోరీ బురద. చూడగానే తెలిసిపోయింది, ఆఫీసరుగారు. మార్కెట్ ముందు వ్యాను కనబడక అడిగితే, ఒక ఉల్లిగడ్డలామె "సర్కారు బండి గల్లీల ఇరికింది సారూ, గటు పో" అని దారి చూపిందట.

"ఇదేంటమ్మా? వ్యాను ఇక్కడికెలా వచ్చింది?" అన్నారు. కోస్తా మాట. గట్టిగా కూడా అనలేదు. ఏనుగు గురించి చెప్పాలా?

నేను తేరుకునే లోపే అవ్వ కేకేసింది. "ఓ సారూ! అడ్డం నిలవడకు. సూపిచ్చుకుంటవా? అరవై నిండినయా?"

"ఇంకా లేదండి. యాభై ఆరు."

"గట్లయితె లెవ్వు. గీడ అరవై నిండినోళ్లకే. రూలు. పక్కకు జరుగు."

లైన్లో ఉన్న ముసలివాళ్లందరూ 'అవునవును' అన్నట్టు తలలూపారు. ఆఫీసరుగారు పక్కకు జరిగారు. సంచి కింద పెట్టి, వ్యాను వెనకున్న ఇంటి గడప మీద కూర్చుని, అగ్లా, అగ్లా అంటూ సాగుతున్న ఆ వరసను చూస్తూ ఉండిపోయారు. ఎవరినీ ఏమీ అడగలేదు. మధ్యలో ఒక పెద్దమ్మ కర్ర జారిపోతే తీసి ఇచ్చారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

వరస అయిపోయాక లేచి, డ్రైవరన్నను పిలిచి సూటిగా అడిగారు: "దీన్ని బయటికి ఎలా తీస్తావయ్యా?"

డ్రైవరన్న తల గోక్కున్నాడు. "జాకీ పెట్టనీకి ఆ పక్క జాగ లేదు సాబ్. అర్గు ఉన్నది గద. అర్గు తీస్తేనే..." అని, అవ్వవైపు చూసి ఆగిపోయాడు.

"ఏందీ!" అంది అవ్వ. నవ్వు ముఖం మాయమైంది. "మా మామ కట్టిచ్చిన అర్గు. నా పెనిమిటి గీ అర్గు మీద్నే కన్నుమూసిండు. ఒక్క బండ కదిలినా ఊకోను. ఏనుగు వట్టిన గల్లీల మీ బండి వట్టకపోతె తప్పు నా అర్గుదా?"

అప్పుడు ఎదురింటి పెద్దమ్మ, అవ్వకు పెళ్లినాటి నుంచీ స్నేహితురాలు, ముసుగులోంచే అంది: "అరే అక్కా, ఏనుగు వచ్చిననాడు అర్గు ఏడున్నది? నీ పెండ్లయినంక గద మీ మామ కట్టిచ్చింది! ఏనుగు మీదికెల్లి దిగనీకి నిచ్చెన ఏసిన్రు. నువ్వు నిచ్చెన మీద ఏడ్చినవ్ గూడ."

గల్లీ గొల్లుమంది. నేను మాత్రం డ్రైవరన్న వైపు చూసే ధైర్యం చేయలేదు. ఆయన నన్నే చూస్తున్నాడని వీపుకు తెలుస్తోంది. అవ్వ ఒక్కతే నవ్వలేదు. చేత్తో అరుగు బండను నిమురుతూ కూర్చుంది. నున్నగా అరిగిన బండ. ఎన్నేళ్లు అక్కడ కూర్చుందో ఆ నునుపే చెబుతోంది.

ఆఫీసరుగారు ఆమె పక్కన వచ్చి కూర్చున్నారు. "అమ్మా, నేను దాచకుండా చెబుతాను. ఈ వ్యాను మీ గల్లీలోకి రాలేదని రాయాల్సి వస్తే, దీన్ని విశాలమైన రోడ్లున్న ఊరికి పంపించేస్తారు. మార్కెట్ ముందు నిలబడితే ఎవరూ రావడం లేదని నాకు ముందే తెలుసు. ఇవాళ ఇక్కడ వచ్చారు. కానీ రోజూ ఇరుక్కుని వైద్యం చేయలేరు కదా?"

అవ్వ బాపును తీసుకుపోయిన మలుపువైపు ఒకసారి చూసింది.

"అర్గు తీస్తే బండి వారం వారం వస్తదా?"

ఆఫీసరుగారు డ్రైవరన్నవైపు చూశారు. "వస్తది అవ్వా. గుడ్డోడు గూడ తోలుతడు" అన్నాడతను.

"నువ్వు మాటిస్తవా సారూ?"

"ఒక ఏడాదికి మాటిస్తాను. ఆ పైన నా చేతిలో లేదమ్మా."

"నా ఉమ్మర్‌కు ఏడాదంటే మస్తు." అవ్వ లేచింది. ఇంట్లోకి పోయింది. అలిగిందేమో అనుకున్నాం. గడ్డపార ఈడ్చుకుంటూ వచ్చింది. "ఒకరు వట్టుండ్రి. ముంగటి దెబ్బ నేనే ఏస్త. ఇంకోడేస్తే నాకు కోపమొస్తది."

ఆమె చేతుల మీద చేతులు వేసి డ్రైవరన్న, ఆఫీసరుగారు ఇద్దరూ పట్టారు. మొదటి దెబ్బకు బండ మీద చిన్న గాటు పడింది, అంతే. అవ్వ కళ్లు తుడుచుకుని, "ఇగ కానియ్యుండ్రి, సూసుకుంట నిలవడ్డరేంది!" అని గదమాయించింది. అంతే, గల్లీ మీద పడింది! పాల సైకిలు వాళ్లు, బడి పంతులు, గోడ పట్టుకుని వచ్చిన ముసలాయన కూడా. బండలు లేచాయి. జాకీ దిగింది. వ్యాను నిటారుగా లేచి నిలబడగానే ఎవరో ఈల వేశారు. అరుగు నుంచి తీసిన బండల్నే మోరీ మీద కప్పారు. వ్యాను వాటి మీదుగా, అవ్వ ఇంటి ముందు నుంచి ఊరేగింపులా ముందుకు కదిలింది. గల్లీ చివర డాక్టర్ సాబ్ తలుపు తెరుచుకుంది. ఆయన దిగి, ఒళ్లు విరుచుకుని, అవ్వకు వంగి సలాం చేశారు. "అమ్మా, ఇంత పెద్ద ఆసుపత్రి నేను చూడలేదు" అన్నారు.

గ్రాంటు సాగింది. నిర్ణీత స్థలాల్లో మాత్రమే వ్యాను నిలపాలన్న షరతు కూడా ఆఫీసరుగారు తీయించారు. ప్రభుత్వ భాషలో దానికి 'నివాస ప్రాంత అంతర్గత సేవ' అని పేరు. మా డ్రైవరన్న భాషలో, 'ఇరుకుడు డ్యూటీ'. వ్యాను మీది గీతకు రంగు వేయిస్తామంటే వద్దన్నాడు. అడిగినవాళ్లందరికీ దాన్ని చూపించి కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గల్లీ ఇంకాస్త ఇరుకయ్యేది. నేను తర్వాత పరీక్ష రాసి సంక్షేమ శాఖలోకి వెళ్లాను. ఎన్నో పథకాలు చూశాను, కొన్నింటికి నేనే నమూనాలు రాశాను. బల్ల ముందు కూర్చుని రాసిన ఏ పథకమూ మొదటి రోజే మోరీలో దిగబడకుండా బయటికి రాలేదు. దిగబడితే భయపడకండి. చుట్టూ ఎవరు చేరారో చూడండి. అసలు మనుషులు వాళ్లే.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. అది జరిగిన మరుసటి వారమో, ఆ పై వారమో. పొద్దున్నే ఆఫీసులో కార్యదర్శిగారు, మేము ముగ్గురం టీ తాగుతున్నాం. మెట్ల మీద కర్రల టకటకలు. ఐదారుగురు పెద్దవాళ్లు రొప్పుతూ లోపలికి వచ్చారు. మార్కెట్‌కు అవతలి గల్లీవాళ్లు. ముందున్నాయన తలపాగా నిండా సున్నం దుమ్ము.

"మందుల బండి ఆఫీసు గిదేనా? మా గల్లీల రెండు అర్గులు, ఒక గోడ పడగొట్టినం. బండి ఎప్పుడొస్తది?"

కార్యదర్శిగారు సాసరు బల్ల మీద పెట్టేశారు. "అయ్యా, ఎవ్వరు పడగొట్టుమన్నరు మిమ్ములను?"

"ఎవ్వరన్న చెప్పాల్నా? గా గల్లీకి పోతున్నది, మా గల్లీకి రాదా?"

డ్రైవరన్న కప్పు కింద పెట్టి, తాళం చెవులు అందుకుని అప్పటికే మెట్ల దగ్గర ఉన్నాడు. "డాక్టర్ సాబ్, చలియే! చెల్లె, నువ్వు ముంగట ఉరికి గోడ వెడల్పు సూడు!"

నేను అప్పటికే ఉరుకుతున్నాను.